పావు మైలు పరుగుకు పాత బండి

నంద్యాల పేరులోనే నంది ఉన్నది. చుట్టూ నవనందులు వెలసిన ఈ సీమలో వృషభం ఒకవంక శిలారూపంలో పూజలందుకుంటుంది. మరొకవంక ప్రాణంతో బరిలో నిలిచి బండను లాగుతుంది. శివరాత్రికి మహానంది తిరునాళ్లను చూచినవారికి బండలాగుడు పోటీని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. క్వింటాళ్ల కొద్దీ తూగే రాతి దిమ్మెకు గొలుసు తగిలించి, జత ఎద్దులను కాడికి కట్టి, కొలిచి గీత గీసిన నేల మీద ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పుతారు. నియమిత కాలంలో బండ మొత్తం ఎన్ని అడుగులు కదిలిందో కొలిచి గెలుపోటములు నిర్ణయిస్తారు. పాలపళ్ల జతకు పాలపళ్ల జతతోనే పోటీ. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి వేరువేరు తరగతులు. బలవంతుడికీ బాలుడికీ ఒకే బరిలో పందెం పెట్టరు.

ఈ పోటీకి ఎద్దును కొనబోయే రైతు చూపు చూడదగినది. నోరు తెరిచి పళ్లు చూస్తాడు. ఛాతీ వెడల్పు, మూపురం నిలుపు, గిట్టల గట్టిదనం పరీక్షిస్తాడు. నాలుగడుగులు నడిపించి నడక చూస్తాడు. సుడులను చూచేవారు కొందరుంటారు. కాని కాకలుతీరిన రైతు సుడి కంటె గిట్టనే ఎక్కువగా నమ్ముతాడు. ధర సంగతి చిట్టచివర అడుగుతాడు. తక్కువ ధరకు మంచి ఎద్దును పట్టడం అదృష్టం కాదు, విద్య.

అదే విద్యను మరొక తావున కూడా చూడవచ్చును. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారి పక్కన ఏదో ఒక మెకానిక్ షెడ్డులో పదిహేను, ఇరవై ఏండ్ల నాటి కారు బానెట్ ఎత్తి ఉంటుంది. చుట్టూ నలుగురు కుర్రవాళ్లు నిలబడి ఉంటారు. దీనిని కొందామా, దీని ఇంజను ఎంత వేగం ఇస్తుంది, ఏమేమి మార్చవలసి ఉంటుంది అన్నది వారి చర్చ. డ్రాగ్ పందెం అనే మాట ఈనాడు జిల్లా పట్టణాల యువకులకు కూడా సుపరిచితమైనది. చేతిలో సొమ్ము తక్కువ. మనసులో వేగం ఎక్కువ. అట్టివారు ఎటువంటి పాత బండిని ఎన్నుకోవాలె అన్న ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చును. కాని దాని వెనుక సుమారు వంద సంవత్సరాల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిసినవాడు బండినే కాక, బాటను కూడా ఎన్నుకోవడం నేర్చుకుంటాడు.

ముందుగా ఈ పందెం స్వరూపం చెప్పుకోవాలె. నిటారుగా ఉన్న బాట మీద రెండు బండ్లు పక్కపక్కన కదలకుండా నిలుస్తాయి. సంకేతం పడగానే బయలుదేరి పావు మైలు, అనగా 1,320 అడుగులు, మన లెక్కలో సుమారు 402 మీటర్లు పరుగెత్తుతాయి. మలుపు లేదు, మరొక చుట్టు లేదు. ముందుగా గీత దాటినది గెలిచినట్లు. సాగనంపే సంకేతానికి మొదట జెండా ఊపేవారు. 1963 నుంచి రంగు దీపాల స్తంభం వాడుకలోకి వచ్చినది. డ్రాగ్ అన్న ఇంగ్లీషు మాటకు లాగుట అని అర్థం. ఆ పేరు పందేనికి ఎట్లా వచ్చినదో పలువురు పలు విధాలుగా చెబుతారు. ఏమైనా, బండలాగుడు చూచి పెరిగిన మన ప్రాంతం వారికి ఆ మాట పరాయిదిగా తోచదు. నిలిచి ఉన్న బరువును కదిలించడమే రెండింటిలోనూ అసలు పరీక్ష.

ఈ పందెం అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టినది. ధనవంతులు పుట్టించినది కాదు. హెన్రీ ఫోర్డు 1908 నుంచి 1927 వరకు ఒకటిన్నర కోటి మోడల్ టి కార్లు చేసి అమ్మాడు. ఆ బండి బలం 20 గుర్రాలు మాత్రమే. కాని అది తేలికైనది, విప్పి బిగించడానికి సులువైనది. అన్నిటికంటె ముఖ్యంగా, వాడి వదిలినవి ఎక్కడ చూచినా కారుచౌకగా దొరికేవి. మడ్గార్డులు, పైకప్పు, అక్కరలేని రేకులు ఊడదీసి కుర్రవాళ్లు ఎండిపోయిన సరస్సుల చదును నేలమీద పరుగెత్తించేవారు. 1932లో ఫోర్డు సంస్థ ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యుని ధరలోకి తెచ్చినది. 65 గుర్రాల బలంగల ఆ ఇంజను, ఆ తేలికైన దేహం కలిసి ఒక తరం యువకులకు ఆరాధ్యమైనవి. 1937లో దక్షిణ కాలిఫోర్నియాలోని ఔత్సాహికులు సంఘంగా ఏర్పడి సరస్సు పందేలకు నియమాలు విధించుకున్నారు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసినది. సైన్యంలో యంత్రవిద్య నేర్చిన యువకులు వేల సంఖ్యలో ఇండ్లకు తిరిగి వచ్చారు. చేతిలో కొద్ది డబ్బు, షెడ్డులో పాత ఫోర్డు. సరస్సులు ఊళ్లకు దూరం. అందుచేత పందేలు వీధులలోకి వచ్చాయి. దీపాల కూడలిలో రెండు బండ్లు పక్కపక్కన ఆగితే చాలు, పందెం. ప్రమాదాలు పెరిగాయి. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పాత బండ్లను వేగానికి మలచుకునే ప్రతి కుర్రవాడూ నేరస్థుడే అన్న అభిప్రాయం దేశంలో ప్రబలినది. ఆనాడు ఈ క్రీడ నశించిపోయి ఉండవలసినది. నశించకపోవడానికి కారణం వేగవంతమైన ఇంజను కాదు. వాడుకలోలేని విమానాల బాటలు.

1949లో సాంటా బార్బరా సమీపాన గోలిటాలోని విమానాశ్రయపు బాట మీద వ్యవస్థితమైన పందెం ఒకటి జరిగినది. 1950లో సాంటా ఆనా విమానాశ్రయంలో సి.జె. హార్టు, అతని మిత్రులు ప్రవేశ రుసుము తీసుకొని క్రమబద్ధంగా పందేలు జరిపించసాగారు. 1951లో హాట్ రాడ్ పత్రిక సంపాదకుడైన వాలీ పార్క్సు జాతీయ సంఘాన్ని స్థాపించాడు. కుర్రవాళ్లను వీధులనుంచి తప్పించి నియమాలున్న బాటలకు తీసుకురావడమే ఆ సంఘం ఉద్దేశం. 1955లో ఆ సంఘం తన తొలి జాతీయ పోటీలను కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్ అనే చోట జరిపినది. అది యుద్ధకాలంలో బాంబర్ విమానాల కోసం కట్టిన బాట. బాంబులు మోసిన నేలమీద పాత కార్లు పరుగెత్తాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ సంఘం బండ్లను తరగతులుగా విభజించినది. ఇంజను పరిమాణాన్ని బట్టి, బరువును బట్టి, చేసిన మార్పులను బట్టి వేరువేరు వరుసలు. మన పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు వంటివే ఇవి. తరగతులు ఉన్నందువలననే బీదవాని బండికి కూడా గెలుపు సాధ్యమైనది. తరువాత కాలంలో మరొక పద్ధతి వచ్చినది. ఎవరి బండి ఎంత కాలంలో పావు మైలు దాటుతుందో వారే ముందుగా ప్రకటిస్తారు. ఆ తేడాను లెక్కగట్టి నిదానపు బండిని ముందుగా సాగనంపుతారు. ప్రకటించిన కాలం కంటె వేగంగా పోయినవాడు సాధారణంగా ఓడినట్లే. కనుక అక్కడ గెలిచేది బండి వెల కాదు. తన బండిని ఎరిగినవాని నిలకడ. 1955లో వచ్చిన షెవ్రోలే కారు కొన్నేండ్లకు పాతబడి చవక అయినప్పుడు వేలాది కుర్రవాళ్లు దానినే ఎన్నుకున్నారు. 1979 నుంచి 1993 వరకు తయారైన ఫోర్డు మస్టాంగ్ కూడా అట్లాగే ఒక తరానికి పేదవాని గుర్రమైనది. కారణం ప్రతిసారీ ఒకటే: తగినంత తేలిక, తగినంత బలం, ప్రతి ఊరిలోనూ దొరికే విడిభాగాలు.

మన దేశానికి వద్దాము. స్వాతంత్ర్యానంతరం విదేశీ కార్ల దిగుమతి దాదాపు ఆగిపోయినది. రోడ్ల మీద కనిపించినవి ప్రధానంగా మూడు రకాలు: కలకత్తా ప్రాంతపు అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. అయినా వేగం మీది మోజుకు దిగుమతి సుంకం అడ్డు రాలేదు. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో యుద్ధకాలపు విమానాల బాట ఒకటి ఖాళీగా ఉండేది. 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్సు క్లబ్బు ఏర్పడినది. షోలవరం పందేలు దక్షిణదేశంలో ప్రసిద్ధికెక్కాయి. కాన్సస్‌లో జరిగినదే ఇక్కడా జరిగినది. యుద్ధం విడిచిపోయిన బాట క్రీడకు ఆశ్రయమిచ్చినది. షోలవరంలో జరిగినవి ముఖ్యంగా చుట్టు పందేలు. కాని బండిని ఎన్నుకునే విద్య రెండింటికీ ఒకటే.

ఆ విద్యలో మనవారు నేర్చిన మొదటి పాఠం భారాన్ని గురించినది. అంబాసిడర్ గట్టి బండి. పల్లె దారులకు దానికి సాటి లేదు. కాని బరువు 1,100 కిలోలకు పైన, బలం 50 గుర్రాల ప్రాంతం. ఫియట్ అంతకంటె తేలిక. అందుచేతనే ఔత్సాహికులు దాని మీద మక్కువ చూపారు. 1982లో బెంగుళూరులో సిపానీ సంస్థ డాల్ఫిన్ అనే చిన్న కారును విడుదల చేసినది. రెండు తలుపులు, గాజునార దేహం, 848 ఘన సెంటీమీటర్ల ఇంజను. ఇండ్లకు అది అంతగా నచ్చలేదు. కాని ర్యాలీలలోనూ పందేలలోనూ తనకంటె పెద్ద ఇంజన్లను అది ముప్పుతిప్పలు పెట్టినది. దాని రహస్యం బలం కాదు, తేలిక.

రెండవ పాఠం నేర్పినవాడు కోయంబత్తూరుకు చెందిన సుందరం కరివర్ధన్. తమిళనాట స్థిరపడిన తెలుగు నాయుళ్ల వస్త్ర పరిశ్రమ కుటుంబాలలో లక్ష్మీ మిల్స్ వారిది ఒకటి. అతడు ఆ ఇంటివాడు. స్వయంగా పందెగాడు, నిర్మాత. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. వచ్చిన కొద్ది ఏండ్లకే దాని 796 ఘన సెంటీమీటర్ల ఇంజను దేశమంతటా దొరికే వస్తువైనది. కరివర్ధన్ ఆ సామాన్యమైన ఇంజనుతోనే 1988లో ఒంటి సీటు పందెపు బండిని రూపొందించాడు. దానికి ఫార్ములా మారుతి అని పేరు. విదేశాలనుంచి తెప్పించే బండి ఖర్చుతో పోల్చితే అది ఎంతో చవక. 1995లో విమాన ప్రమాదంలో అతడు మరణించాడు. కాని ఆ బండ్లలో శిక్షణ పొందినవారిలో నారాయణ్ కార్తికేయన్ ఒకడు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీచేసిన తొలి భారతీయుడు అతడే. ఊరూరా దొరికే ఇంజనును చిన్నచూపు చూడరాదు అన్నది కరివర్ధన్ నేర్పిన పాఠం. ఈలోగా మద్రాసు క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో సొంత బాట నిర్మించుకున్నారు. 1990లో అది ప్రారంభమైనది. మోటారు సైకిళ్ల జాతీయ డ్రాగ్ పోటీలు అక్కడ జరుగుతూ వచ్చాయి. కార్ల డ్రాగ్ పందేలు మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ విమానాల బాట మీద కూడా జరిగాయి.

ఇక లెక్క. ఒక గుర్రపు బలం ఎన్ని కిలోలను లాగవలసి ఉన్నది? ఇదే పావు మైలు పందేనికి మూలసూత్రం. పాత ప్రీమియర్ పద్మిని సుమారు 900 కిలోలు, 40 గుర్రాలు; అనగా గుర్రానికి 22 కిలోలు. అంబాసిడర్‌ది కూడా దాదాపు అంతే. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు, బలం 37. గుర్రానికి 17 లేక 18. మారుతి జెన్ అయితే 15 ప్రాంతం. పదహారు వాల్వుల ఇంజనుగల మారుతి ఎస్టీమ్ సుమారు 870 కిలోలు, 85 గుర్రాలు; గుర్రానికి పది. 2003 వరకు వచ్చిన హోండా సిటీ వీటెక్ బలం 106 గుర్రాలు; గుర్రానికి పదికి కొంచెం తక్కువ. ఈ రెండు కార్లూ పాతబడి చవకైన తరువాత కూడా పందెగాళ్లు వాటిని వెతికి కొనడానికి కారణం ఇదే.

అయితే ఇంజనీర్లు అనుభవం మీద కట్టిన లెక్క మరొకటి ఉన్నది. పావు మైలు దాటే కాలం ఈ నిష్పత్తికి ఘనమూలంగా మారుతుంది. మాటల్లో చెప్పాలంటే, గుర్రానికి పడే భారాన్ని సగం చేస్తే కాలం సగం కాదు. ఐదవ వంతు మాత్రమే తగ్గుతుంది. ఇరవై సెకన్ల బండి పదహారు సెకన్లకు వస్తుంది, అంతే. అక్కడినుంచి తగ్గించే ఒక్కొక్క సెకను మునుపటి దానికంటె ఖరీదైనది. మొదట్లో కొద్ది సొమ్ముకు ఎంతో లాభం. చివరలో ఎంత సొమ్ముకైనా కొద్ది లాభం. కొత్తగా దిగేవాడు ఈ సంగతి ఎరిగితే అప్పుల పాలు కాడు. బలం పెంచడానికి పిస్టన్లు, కామ్‌షాఫ్టు, టర్బో అంటూ వేలు లక్షలు పోయనక్కరలేదు. వెనుక సీటు, స్టెప్నీ చక్రం, పాటల పెట్టెలు, అక్కరలేని సామాను దించితే పైసా ఖర్చు లేకుండా భారం తగ్గుతుంది. కాని దేహానికి బలమిచ్చే కమ్మీలను, సీటు బెల్టును ముట్టరాదు. అవి బరువు కావు, ప్రాణం.

మరి బండిని చూచేటప్పుడు ఏది చూడాలె? మన రైతు పద్ధతినే పాటించవచ్చును. పళ్లు చూడడం అంటే ఇంజను వయస్సు చూడడం. మీటరు చూపే కిలోమీటర్లను నమ్మరాదు. సిలిండర్లలో కంప్రెషన్ కొలిపించాలె. నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటే మంచిది. ఒకటి మిగతావాటి కంటె బాగా తక్కువైతే లోపల రింగో, వాల్వో, గాస్కెట్టో పోయినదని అర్థం. సైలెన్సరులోనుంచి నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నది. గిట్టలు చూడడం అంటే అడుగుభాగం చూడడం. బండిని పైకెత్తించి, ఫ్లోరు రేకును, సస్పెన్షన్ బిగించిన చోట్లను సుత్తిపిడితో తట్టి తుప్పు చూడాలె. ఇంజనును మార్చవచ్చును, తుప్పుపట్టిన దేహాన్ని మార్చలేము. నడక చూడడం అంటే బండిని తిన్నగా పోనిచ్చి స్టీరింగ్ వదలి చూడడం. ఒక వైపుకు లాగితే ఎప్పుడో గుద్దుకున్న బండి కావచ్చును. ఇక రంగు, మెరుపు, గాజులకు అంటించిన బొమ్మలు, ఇవన్నీ సుడుల వంటివి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత పాత కార్ల బజారులో పుట్టినదేమో అనిపిస్తుంది.

ఎద్దుకు లేని పరీక్షలు కూడా కారుకు రెండున్నాయి. మొదటిది చక్రాల పట్టు. బండి ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు భారం వెనుకకు మళ్లుతుంది. ఎస్టీమ్, సిటీ వంటి బండ్లలో ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది. సరిగా అదే క్షణంలో ఆ చక్రాలు తేలిక పడి జారతాయి. వెనుక చక్రాలు తిరిగే పాత బండ్లకు ఈ విషయంలో కొంత మేలున్నది. కనుక ముందు చక్రాల బండిని ఎన్నుకున్నవాడు ఇంజను కంటె ముందు మంచి టైర్ల మీద డబ్బు పెట్టాలె. రెండవది కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేను ఏండ్లు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకోవాలె. గడువు దాటిన బండి చవకగా వస్తున్నదంటే ఆ చవక ఎందుకో ముందే విచారించుకోవాలె. ఆర్.సి. పుస్తకంలోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది వాటితో సరిపోవాలె.

ఇంతవరకు చెప్పినది ఎవరైనా చెప్పగలరు. ఇక చెప్పబోయేది నేను చూచినది. నేను కళాశాలలో చదువుకునే రోజులలో, 2000 ప్రాంతంలో, మా మిత్రుడొకడు పాత పద్మిని కొన్నాడు. కారు చవక, వాడి ఉత్సాహం అపారం. వెనుక సీటు తీసేశాడు. ఇంజను విప్పించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించాడు. కార్బురేటరు మార్పించాడు. చేతిలో ఉన్న డబ్బంతా ఇంజనుకే పోయినది. బ్రేకులు తరువాత చూసుకోవచ్చునన్నాడు. మేము కూడా అవునన్నాము. నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ము బ్రేకులే. ఒకనాటి తెల్లవారుజామున శిరివెళ్ల దాటిన తరువాత తిన్నని దారి మీద మరొక మిత్రుని మారుతితో పందెం. అప్పటికి ఆ రహదారి రెండు వరుసలదే. నేను మా మిత్రుని పక్కనే కూర్చున్నాను.

మారుతిని దాటాము. దాటిన సంతోషం అరనిమిషం నిలవలేదు. పొలం దారిలోనుంచి చొప్ప వేసిన ఎద్దుల బండి ఒకటి రోడ్డెక్కినది. బ్రేకు తొక్కగానే కారు ఎడమకు లాగినది. రోడ్డు దిగి పిల్లకాలువలో పడినది. నాకు గీతలు తప్ప ఏమీ కాలేదు. వానికి కాలి ఎముక విరిగినది. రెండుసార్లు శస్త్రచికిత్స జరిగినా ఈనాటికీ వాడు కుంటుతూనే నడుస్తాడు. బెదిరిన ఎద్దులను నిమురుతూ ఆ రైతు మమ్మల్ని తిట్టలేదు. మా మిత్రుణ్ణి ఎత్తి గట్టు మీద పడుకోబెట్టిన తరువాత ఒక్క మాట అన్నాడు: "ఏం నాయనా, పందెం కావల్లంటే తిరునాళ్లలో బరి కడతారు గదా, దావలో ఏందిది?"

ఇరవై ఏండ్లకు పైగా అయినది. ఆ మాటకు సమాధానం ఇప్పటికీ నాకు దొరకలేదు. అమెరికాలో సంఘం పెట్టి సాధించినదీ, షోలవరంలో క్లబ్బు సాధించినదీ ఆ రైతు ఒక్క వాక్యంలో చెప్పాడు. మా తప్పు పద్మిని కొనడం కాదు. నిలపలేని బండిని పరుగెత్తించడం ఒక తప్పు. పదిమందీ నడిచే దారిని బరిగా చేసుకోవడం అంతకంటె పెద్ద తప్పు. ఆనాడు ఆ చొప్ప బండి మీద పిల్లలెవరైనా ఉండి ఉంటే నేను ఈ ప్రసంగం చేయగలిగేవాడిని కాను.

చట్టం కూడా ఈ మాటే చెబుతున్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం లిఖితపూర్వకంగా అనుమతించనిదే బహిరంగ స్థలంలో వేగపు పందెం నేరం. 2019 సవరణతో మొదటి తప్పుకు మూడు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చును. అదే చట్టంలోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చి రోడ్డు మీద తిప్పడాన్ని నిషేధిస్తున్నది. కనుక పందేనికని మార్చిన బండి పందెపు బండిగానే ఉండాలె. బజారుకు, కళాశాలకు తిరిగే బండి వేరుగా ఉండాలె. పందెపు బండిని లారీ మీద బాట వద్దకు చేర్చే ఖర్చును కూడా బండి వెలలో కలిపి లెక్క వేసుకోవాలె.

నియమాలున్న చోట కూడా ప్రమాదం తప్పదని మరువరాదు. 2008లో అమెరికాలో ప్రసిద్ధ పందెగాడు స్కాట్ కలిట్టా బాట చివర ఆగలేక మరణించాడు. వెంటనే అక్కడి సంఘం అత్యంత వేగవంతమైన తరగతులకు పందెపు దూరాన్ని 1,320 అడుగులనుంచి 1,000 అడుగులకు తగ్గించినది. అర్ధశతాబ్దికి పైగా పవిత్రంగా ఎంచిన కొలతను, ఆగడానికి చోటు కావాలని వదులుకున్నారు. మూడుపాళ్ల పందెం పరుగులో ఉంటే నాలుగవ పాలు ఆగడంలో ఉన్నది. నూరు రూపాయలు ఉన్నవాడు మొదటి రూపాయి బ్రేకులకు, రెండవది టైర్లకు, మూడవది బెల్టుకు, హెల్మెట్టుకు పెట్టాలె. ఇంజను వంతు ఆ తరువాతనే.

ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. బండను చూచి అందులో ఏ విగ్రహం ఉన్నదో, ఎక్కడ పగులు ఉన్నదో ఉలి పెట్టకముందే వారు చెప్పగలరు. పాత కారును ఎన్నుకునేవానికి కావలసినది అటువంటి చూపే. ఏది తీసివేయాలె, ఏది ముట్టరాదు అన్న వివేకం ఉన్నవానికి పదిహేనేండ్ల ఎస్టీమైనా చాలును.

చివరగా ఒక్క మాట. మేము ఆనాడు పందెం వేసిన రహదారి ఇప్పుడు నాలుగు వరుసలైనది. 40వ నంబరు జాతీయ రహదారిగా కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, కడప, రాయచోటి, చిత్తూరుల మీదుగా రాణిపేట చేరుతుంది. అక్కడ మదరాసుకు పోయే పెద్ద రహదారిని కలుసుకుంటుంది. ఆ రహదారి మీదనే ఇరుంగాట్టుకోట్టై ఉన్నది. అనగా, ఏ దారి మీద మా మిత్రుడు కాలు పోగొట్టుకున్నాడో, అదే దారి నిదానంగా, నియమంగా పోయినవానిని పందెపు బాటకు చేరుస్తుంది. నంద్యాల కుర్రవాడు చవకగా ఒక పాత బండిని కొనవచ్చును. తన చేతులతో దానిని తీర్చిదిద్దవచ్చును. ఆ తరువాత దానిని లారీకెక్కించి, ఆళ్లగడ్డ దాటి, దక్షిణంగా సాగిపోవాలె. బరి అక్కడ ఉన్నది.